తల ఆనిన చోటు

నీలవేణి తన ఇంటి గోడలు కడగడానికి నన్ను పిలిచిందని వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. గజపతినగరంలో రంగేసిన గోడల మురికి వదిలించాలంటే అందరూ నన్నే పిలుస్తారు, నిజమే. కానీ ఆ కబురు మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? నా మొగుడు అసిరయ్య! ఊళ్లో ఇళ్లకి రంగులేసుకునే మనిషికి ఆవిడ కబుర్లు మోసే తీరిక ఎక్కడిదో మరి.

“పాపం, ఒక్కర్తీ సేసుకోలేదే బుల్లీ. సిరిమాను పండక్కి సుట్టాలొస్తారట. ఎల్లి కడిగి రా” అన్నాడు.

పాపమట! పదిహేనేళ్ల కాపురంలో నన్ను ఒక్కనాడైనా పాపమన్నాడా ఈ మనిషి?

నీలవేణి లారీ డ్రైవరు సోములు పెళ్లాం. రెండేళ్ల కిందట సోములు జ్వరంతో పోయాడు. అప్పట్నుంచి ఆవిడ అరుగు మీద పొయ్యి పెట్టి ఇడ్లీలు, బజ్జీలు అమ్ముకుంటోంది. నేను కాచిన చోడి అంబలి ఇంట్లో చల్లారిపోతున్నా సరే, మా ఆయనకి పొద్దున్నే టీ మాత్రం ఆ అరుగు మీదే. పోయినేడు ఆ ఇంటి ముందుగదికి ఆకుపచ్చ రంగు వేసిందీ ఆయనే. ఒక్క గదికి నాలుగు రోజులు పట్టింది. మా ఇంటికి సున్నం కొట్టమంటే ఒక్క పూటలో కొట్టేసి చేతులు దులుపుకున్నాడు.

అయినా వెళ్లాను. ఆ ఇంట్లో నా మొగుడి జాడ ఎంత ఉందో నా కళ్లతో నేను చూడాలి.

“రా బుల్లమ్మప్పా, ఎండన పడొచ్చినావు. రెండిడ్లీలు తిందువు గాని” అని నీలవేణి ఎదురొచ్చింది. నవ్వితే ఆ మొహం ఇంకా ఎంత బాగుందో! కడుపులో కాలిపోతున్నా, కడుపు నిండుగా ఉందన్నాను.

గోడల నిండా బజ్జీల పొగ, నూనె జిడ్డు. చూపుడువేలితో గీస్తే మసి వేలికి అంటుకొచ్చింది.

“గోడలన్నీ కడుగప్పా. ఆ బల్ల ఎనక మాత్రం ఒగ్గే. ఆడ సెయ్యెట్టకు” అంది నీలవేణి.

“ఏం, ఆడేటున్నాది?”

ఆవిడ తల దించుకుంది. “ఏటీ లేదు. ఒగ్గే” అని బిందె తీసుకుని నూతికి వెళ్లిపోయింది.

వెళ్లగానే చూశానండీ. బల్ల మీద మగవాడు కూర్చుని వెనక్కి వాలితే తల ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ, అరచేయంత నూనె మరక.

కుంకుడు రసంలో చిటికెడు చాకలిసోడా కలిపి, మెత్తని గుడ్డతో, గోడని కింద నుంచి పైకి కడగాలి. పైనుంచి మొదలెడితే మురికినీళ్లు కిందికి కారి ఎండు మసి మీద చారలు కడతాయి, ఆ చారలు ఇక దిగవు. అదీ నా పనితనం. ఆ రోజు మోకాలెత్తు దాకా కూడా కడగలేకపోయాను. కళ్లు మరక మీదికే పోతున్నాయి.

సోములుదా? సోములు పోయాకే కదా గోడకి రంగు పడింది. బేరగాళ్లదా? వాళ్లు అరుగు దాటి రారు. దగ్గరికెళ్లి వాసన చూశాను. ఆవదం! రోజూ పొద్దున్నే నా చేత్తో మా ఆయన తలకి పట్టించే ఆవదం! ఈ చుట్టుపక్కల మగాళ్లందరూ రాసుకునేది అదేనని నాకు తోస్తేనా!

కుంకుడు రసం పక్కకి తోసేశాను. గుప్పెడు సోడా వేశాను, పెరట్లో అంట్ల దగ్గరున్న ఇటికపొడి, కొబ్బరిపీచు తెచ్చాను. రంగు గోడకి ఇటికపొడి తగలకూడదని పదిమందికి చెప్పేదాన్ని నేనే. “ఈడా నువ్వు తలానించేది? ఈడా?” అంటూ అంట్లు తోమినట్టు తోమాను. చేతులు మండాయి. నాకు హాయిగానే ఉంది.

మరక పోయింది. దానితోపాటు రంగూ పోయి గచ్చు బయటపడింది. అప్పుడు కనబడింది నాకు, ఆ చోటు చుట్టూ సన్నగా ఒక కుంచె గీత. గీతకి బయట మా ఆయన వేసిన కొత్త రంగు. లోపల, అంచున మిగిలిన పెచ్చులు వెలిసిపోయిన పాత ఆకుపచ్చ. ఆయన ఆ మరక మీద రంగు వెయ్యలేదు. చుట్టూ తిప్పి ఆపేశాడు. అంటే రంగు కంటే మరకే ముందుది. సోములుది.

ఓలమ్మో, నేనేం చేశాను!

నీలవేణి బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. బిందె దించి వచ్చి, తడి గచ్చు మీద అరచెయ్యి ఆనించింది.

“ఒగ్గేయమన్నాను కదప్పా. పొద్దున్నే లెగిసి ఈడ సెయ్యేసే పొయ్యి ఎలిగిస్తన్నాను” అంది.

నీ ఇంట్లో నా మొగుడి తల వెతికానని ఏ నోటితో చెప్పను? మిగతా గోడలన్నీ కడిగాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన కిరసనాయిల్లో కుంచెలు కడుక్కుంటున్నాడు.

“బల్ల ఎనక ఒగ్గేసినావు కదా?” అన్నాడు తల ఎత్తకుండానే.

“నీకు తెలుసేటి?”

“తెలకేటి! సోములు తలానించిన సోటది. దాని సుట్టూ కుంచె తిప్పడానికే నాకొక దినం పట్టింది.”

“మరి నాకెందుకు సెప్పలేదయ్యా?”

“ఆ యమ్మి పేరెత్తితే మూడు దినాలు నాకు కూడెట్టవు. ఎలాగ సెప్పీది?” అని నవ్వాడు. నవ్వి మళ్లీ అడిగాడు, “ఒగ్గేసినావు కదే?”

“ఒగ్గేసినాను” అన్నాను.

తెల్లారితే టీకి వెళ్తాడు, నా అబద్ధం తెలుసుకుంటాడు. ఆయన ఆ గుమ్మం తొక్కకూడదని ఏడాదిగా పైడితల్లమ్మకి మొక్కుకుంటూనే ఉన్నాను. ఆ సాయంత్రం కూడా మొక్కుకున్నాను.