పొడుగు చేతుల జాకెట్టు

హైమా, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా నా మంచం మీదికి రా. మొన్న మన రంగూన్‌లోనే, చౌక్తడా పేటలో వందేళ్లనాటి మూకీ సినిమా వేశారే, అందులో నదిలో దిగే పిల్ల మా పెద్దమ్మ. తెర మీద మాత్రం 'మా తాన్ నూ, మాండలే పిల్ల' అని బర్మా పేరు వేశారు. ఆ పేరు మార్పిద్దామని మీ అమ్మను వెంటబెట్టుకుని సినిమావాళ్ల ఆఫీసుకు వెళ్లొచ్చాను. అక్కడేమైందో తర్వాత చెబుతాను, ముందు ఆవిడ సంగతి విను.

అసలు పేరు సింహాచలమ్మ. మా తాత లమ్మడా రేవులో మూటలు మోసేవాడు. ఆమెకు పదహారేళ్లప్పుడు చిమిండైంగ్ బజారులో చేపలు బేరమాడుతుంటే ఒక సినిమా ఆయన చూశాడు. మాట వినపడని సినిమా కదా, ఏ భాష పిల్లయితేనేం, మొహం చాలు. ఇంట్లో మాత్రం బియ్యం మిల్లులో పనికి వెళ్తున్నానని చెప్పింది.

చిక్కల్లా ఒకటే. ఎడమ చేతి మీద పచ్చబొట్టు: తేలు, చుట్టూ తొమ్మిది చుక్కలు. మా ఇంటి ఆడపిల్లలకు పదేళ్లు నిండగానే మా అమ్మమ్మే పొడిచేది. బర్మా కన్నెకు ఆ తేలు ఎక్కడిది? అందుకని రోజూ తనాకా గంధం మందంగా పూసి కప్పేవారు. నదిలో సీను తీసినరోజు గంధం కాస్తా కరిగిపోయింది. ఆ రీలే ఆఖరిది, మళ్లీ తీయడానికి ఇంకోటి లేదు. అలాగే వదిలేశారు.

బొమ్మ ఆడిన వారంలోనే రేవు కూలీలు చూసి తాతకు చెప్పారు. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని అడిగాడట.

"ఏటే సింహాచలం, మీ మిల్లులో నీల్లల్లో మునిగి బియ్యం ఏరతారేటి?"

"ఎవులు సెప్పినారు నాన్నా?"

"నీ సెయ్యే సెప్పింది. ఊరందరికీ సెప్పింది."

మా అమ్మమ్మ అందుకుంది: "దాన్ని తిట్టకు. నా తేలు ఎంత బాగా అగుపించినాదో ముందు అది సెప్పు."

తాత పని మాన్పించలేదు. సినిమా ఆయనే జాగ్రత్తపడి, తర్వాతి బొమ్మలన్నిటిలో ఆమెకు మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడిగించాడు. అది ఎందుకో తెలియక రంగూన్ ఆడవాళ్లంతా అలాంటివే కుట్టించుకున్నారు, మండుటెండల్లో కూడా. ఆరేళ్లలో పదకొండు సినిమాలు. ఆవిడ రిక్షా ఆగితే జనం మూగేవారు.

తర్వాత సినిమాకు మాట వచ్చింది. పెద్దమ్మ బర్మా మాటలో మన యాస. రెండు వాక్యాలు చెప్పించుకుని, ఇక రావద్దన్నారు. ఆవిడ ఏడవలేదు. చిమిండైంగ్ బజారులో కుట్టుమిషను పెట్టుకుని ముప్పై ఏళ్లు ఆ పొడుగు చేతుల జాకెట్లే కుట్టింది. తను మాత్రం పొట్టి చేతులే వేసుకునేది. కొన్నవాళ్లు ఎవరూ పోల్చుకోలేదు.

ఇక ఆఫీసు సంగతి. అక్కడాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. నది సీను ఆపించి, నా ఎడమ చెయ్యి తెర పక్కన పెట్టాను. అదే తేలు, అవే తొమ్మిది చుక్కలు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నేను నమ్ముతున్నాను అమ్మమ్మా. పేరు మార్చాలంటే మాత్రం కాగితం కావాలి," అన్నాడు.

"చర్మం మీద పొడిచింది కాగితానికి తీసిపోతుందా నాయనా?" అన్నాను.

నవ్వి టీ తెప్పించాడు. పేరు మారలేదు.

ఆయన తప్పేం లేదులే. మా కాగితాలు యుద్ధంలోనే పోయాయి. మీ అమ్మ సూది చూసి పారిపోయింది కనుక ఈ తేలు నాతోనే ఆఖరు. నా చెయ్యి పట్టుకుని చుక్కలు లెక్కపెట్టు. తొమ్మిదీ ఉన్నాయా? ఆ బొమ్మ మళ్లీ ఎక్కడ వేసినా, నీ పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పు, నదిలోంచి లేచే ఆ చెయ్యి సింహాచలమ్మదని. రేపు నీకు పిల్లలు పుడితే వాళ్ల చేత కూడా చెప్పించు.