ఎడమ వెనక చక్రం

పాండురంగం పటేలు పొద్దున లేచి మొహం కడుక్కోగానే పాన్ వేసుకునేవాడు. వేసుకుని ఊరుకునే మనిషి కాదు, ఉమ్మేవాడు. అరుగు మీద, గోడ మీద, ఎదురుగా నిలబడ్డవాడి కాళ్ల దగ్గర, ఎక్కడ పడితే అక్కడ. ఆయన ఉమ్మి ఆరేది కాదు. ఎండాకాలం బావులెండినా ఆ ఎర్రటి తడి అట్లాగే ఉండేది. ధారూర్ చుట్టుపక్కల ఎవరికీ అది వింత కాదు. దాన్ని తప్పించుకుని నడవడం పిల్లలు నడకతో పాటే నేర్చుకునేవాళ్లు. పటేలు భార్య ఇంద్రమ్మ మాత్రం కాపురానికొచ్చిన నాటినుంచీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే తిరిగేది. నన్నడిగితే ఆమె ఓపికే పెద్ద వింత.

నిజాం రాజ్యం పోయాక, మిలిటరీవాళ్లు వదిలేసిన పాత జీపొకటి వేలంలో కొన్నాడు పటేలు. తనే నడిపేవాడు, నడుపుతూనే పక్కకు ఉమ్మేవాడు. అదంతా గాలికి వెనక్కి పోయి ఎడమ వెనక చక్రంలో చేరేది. ఏళ్ల తరబడి దాన్ని తాగిన చక్రం ఒక పొద్దున కదలనని మొండికేసింది. ఆ పొద్దునే తాండూరుకు పోవాలి.

పనేమిటంటే, బీరన్న భూమి. బీరన్న గొర్లు కాసుకునేవాడు. వాగు ఒడ్డున అతనికి తాతనాటి చెలక ఒకటుంది. ఎండాకాలం మందకు అక్కడి నీళ్లే దిక్కు. దాన్ని తన పేర రాసియ్యకపోతే ఊరి బీళ్లలో నీ గొర్రె కాలు పెట్టదని పటేలు చెప్పాడు. బీరన్న చాలా రోజులు తిండి సహించక తిరిగి, చివరికి సరేనన్నాడు. తాండూరు రిజిస్ట్రీ కచేరిలో వేలిముద్ర వేయడమే మిగిలింది. అతని భార్య బీరమ్మ ఆ పొద్దున పొయ్యి వెలిగించలేదు.

వికారాబాద్ నుంచి మిస్త్రీ యోబును రైల్లో రప్పించారు. యోబు చక్రం విప్పి, లోపలి బ్రేకు డ్రమ్మును చూసి వెనక్కి జరిగాడు. అది తుప్పుపట్టి ఇరుసును కరుచుకుని ఉంది. సందుల్లోంచి ఎర్రటి జిగురు కారుతోంది. పాచినోటి కంపు. సుత్తెతో కొడితే తుంపర్లు లేచి గడ్డం మీద పడ్డాయి. యోబు పక్కకు పోయి, రైల్లో తిన్నదంతా కక్కుకుని వచ్చాడు.

వెనక రేకులో ఒక చిన్న సందుంది. అందులోంచి లోపల ఇరుక్కున్న కొక్కేన్ని ఎవరైనా వేలితో నొక్కిపడితే, తను ముందునుంచి కొట్టి డ్రమ్మును ఊడదీస్తానన్నాడు. “వేలు ఎవలదన్న పెట్టుండ్రి పటేలా. నాది మాత్రం పెట్ట.”

అందరూ పటేలు వైపు చూశారు. తన ఉమ్మిని తనే చూడలేక ఆయన మొహం తిప్పుకున్నాడు. తర్వాత బీరన్నను పిలిచాడు.

“గొర్రె కడుపుల చెయ్యి పెట్టి పిల్లను గుంజుతవు గద, గిదెంతరా నీకు? పెట్టు.”

బీరన్న గొంగడి పక్కన పెట్టి వంగాడు. కుడిచెయ్యి సందు దాకా పోయి ఆగింది.

“ఇది బువ్వ తినే చెయ్యి పటేలా,” అని, ఎడమచేతి బొటనవేలు లోపలికి దూర్చాడు.

లోపల వెచ్చగా ఉంది. అదే అన్నిటికంటే రోత పుట్టించింది అతనికి. గొర్రె కడుపులోనూ వెచ్చగానే ఉంటుంది, కానీ అక్కడ ఒక ప్రాణముంటుంది. కళ్లు మూసుకుని నొక్కిపట్టాడు. యోబు కొట్టగా కొట్టగా డ్రమ్ము ఊడి, లోపల నిలవున్నదంతా బీరన్న మోచేతి దాకా జారింది. బూడిదతో రుద్దాడు, మట్టితో తోమాడు. చెయ్యి శుభ్రమైంది గానీ, బొటనవేలి గీతల్లోకి దిగిన తడి పోలేదు. పొద్దుపోతున్నదని పటేలు తొందరపెట్టి జీపెక్కించాడు.

కచేరిలో గుమాస్తా బీరన్న వేలికి సిరా రాసి దస్తావేజు మీద నొక్కాడు. గీతలు పడలేదు. ఒక ఎర్రటి మరక పడి, హద్దుల మీదికి, పటేలు పేరు మీదికి పాకింది. కాగితం మెత్తబడి చినిగింది. వేలు తుడిచి ఇంకో కాగితం పెడితే అదీ అంతే. కుడివేలు వేయించమన్నాడు పటేలు. మగవాళ్లది ఎడమవేలే కావాలన్నాడు రిజిస్ట్రార్, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. ఈ పాడు తడి ఎవరిదని అడిగాడు.

“పటేలుదే సార్,” అన్నాడు బీరన్న.

పటేలు నోట్లో అప్పుడూ పాన్ ఉంది. ఉమ్మలేక మింగాడు.

“ఆరినంక తీసుకరాండ్రి,” అని రిజిస్ట్రార్ చేతులు కడుక్కోవడానికి లేచిపోయాడు.

మందను తరిమితే బీరన్న ఎక్కడ మాట తప్పుతాడోనని, వేలు ఆరేదాకా పటేలు గొర్ల జోలికి పోలేదు. ఇంటికొచ్చిన బీరన్న చెయ్యి చూసి బీరమ్మ ముక్కు మూసుకుంది. “గా చెయ్యి గొంగట్ల పెట్టకు, బయటనే ఉంచు,” అంది. అతను బతికినన్నాళ్లూ అట్లాగే పడుకున్నాడు. రోజూ పొద్దున లేవగానే బీరమ్మ మొహం అటు తిప్పుకుని ఆ బొటనవేలు ముట్టి చూసేది. తడి తగిలాక చెయ్యి కడుక్కుని పొయ్యి వెలిగించేది.