పొగమంచులో దగ్గే కారు

ఒరాన్ నగరంలో మంత్రసాని వసీలాకు పాత ఎర్రకారు ఉంది. చిన్నదే అయినా పరుగులో చిచ్చరపిడుగు. కాన్పులకు వెళ్లే దారిలో ఒక్కోరోజు ఇంజిన్ దగ్గేది. మెకానిక్‌ల ముందు మాత్రం బుద్ధిగా నడిచేది. ముగ్గురు మెకానిక్‌లు అది ఆమె భ్రమేనన్నారు.

నాలుగో మెకానిక్, ముసలి బెల్ఖీర్ మాత్రం, "ఎప్పుడెప్పుడు దగ్గుతుందమ్మా?" అని అడిగాడు.

"పొగమంచు పట్టిన పొద్దుటిపూట, బాబాయ్."

ఆయన వెలుగు తగ్గేలా గ్యారేజీ షట్టర్ సగానికి దించి, నడుస్తున్న ఇంజిన్ మీద నీళ్లు చిలకరించాడు. వెంటనే దగ్గింది. ఆ మసకలో ప్లగ్గు వైరు పగులులోంచి నీలి నిప్పురవ్వలు ఎగిరాయి.

"ఇదుగో దొంగ!"

వైరు మార్చాక ఎంత తడిపినా దగ్గలేదు. వసీలా కళ్లు చెమర్చాయి. ఆయన జిడ్డు చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"నా మాట నమ్మింది మీరొక్కరే, బాబాయ్."

"నమ్మకేం? నా మోకాలూ అంతే, డాక్టరు ముందు నొప్పెట్టదు!"