జయకుమారి సాక్ష్యం

ఘాటు ముందుగా కళ్ళకు తెలుస్తుంది.

ముక్కుకు తర్వాత. గొంతుకు ఆ తర్వాత. ప్రత్తిపాడు బస్సు దిగి మిరప కల్లాల వైపు నడిచేసరికి నా కళ్ళు కారిపోతున్నాయి. ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు.

"ఇంకా ఏం అడగనే లేదు, అప్పుడే ఏడుస్తందేంటే ఈ పిల్ల!"

నేను ఏడవడం లేదు. అనుమానపడుతున్నాను.

అది నా చదువు. మనసుకు వైద్యం చెయ్యడం నేర్చుకునేవాళ్ళకు పరిశోధన ఎలా చెయ్యాలో ఒక పేపరు, ఏం చెయ్యకూడదో ఇంకో పేపరు. బ్రాడీపేట కాలేజీలో మా గైడ్ ఆరాధన గారు రెండిట్లోనూ ఒకటే మాట చెబుతారు — "మెహర్, తేలిగ్గా దొరికిన జవాబుని నమ్మకు."

ఇక్కడ అన్నీ తేలిగ్గానే దొరికాయి.

భర్త పోయిన ఆడవాళ్ళు దుఃఖాన్ని ఎలా మోస్తారు — అదీ నేను అడగాల్సింది. పాస్టరమ్మ రెబెకా గారు ఇక్కడి పేటలో అలాంటివాళ్ళందరినీ చర్చిలో కూర్చోబెట్టారు. ఇష్టమైతేనే చెప్పండి, మీ మాట బయటికి పోదు... అని నేను సగం చెప్పానో లేదో, "చేతులెత్తండమ్మా" అన్నారావిడ.

లేచాయి. అన్ని చేతులూ. ఒక్కసారే.

ఇదా సమ్మతి? ఛ! బడిలో హాజరు కూడా ఇంత బాగా పలకరు.

మాటలూ అంతే. ఎవరు మొదలుపెట్టినా కన్నీళ్ళతో మొదలుపెట్టారు. "దేవుడి దయవల్ల ఇప్పుడు బాగున్నానండి" అని ముగించారు. ఆదివారం చర్చిలో లేచి చెప్పే సాక్ష్యం లాగా — బాధ, ప్రార్థన, విడుదల. పక్కనే కుర్చీలో పాస్టరమ్మ. వాళ్ళు తడబడిన చోటల్లా ఆవిడ తల ఊపుతున్నారు.

ఆవిడ ఎందుకు లేచి వెళ్ళరు?

ఎవరికి కాపలా?

ఆవిడ ఇచ్చిన టీ కూడా అనుమానంగానే తాగాను. అనుమానం పెనుభూతం అంటారు. ఆ ఊళ్ళో నాకు తోడున్నది ఆ భూతం ఒక్కటే.

జయకుమారి మాత్రం చర్చిలో నోరు విప్పలేదు. మర్నాడు కల్లం చివర, టార్పాలిన్ పట్టా నీడలో నన్ను కూర్చోమంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఇష్టం లేకపోతే వద్దు. మధ్యలో ఆపెయ్యొచ్చు. నేను ఎవరికీ చెప్పను.

ఆమె చేతులు ఆగలేదు. ఎర్రకాయ ఇటు, తాలు అటు.

"మా సాల్మన్‌ది గుండెపోటు కాదు."

ఎర్రకాయ ఇటు...

"మందు తాగాడు. పత్తికి కొట్టే మందు. అట్టా పోయినోడికి సమాధుల దొడ్డిలో చోటివ్వరని, గుండెపోటని పాస్టరమ్మే చెప్పింది. నా మంచికే చెప్పింది. కానీ ఏడుద్దామని కూర్చుంటే — గుండెపోటుకి ఏడవాల్సొస్తంది. అది నా ఏడుపు కాదమ్మా."

ముందు బాధ. వెనకాలే సంతోషం. దొరికింది, ఇదీ అసలు మాట! ఆ సంతోషాన్ని చూసి నా మీద నాకే అనుమానం వేసింది.

"ఆదివారం చెప్తావుగా?" అంది.

"ఎక్కడక్కా?"

"చర్చిలో. నా నోటితో నాకు రాదు. అందుకేగా నీకు చెప్పింది?"

అయ్యో.

నేను రహస్యం అన్నాను. ఆమె సాక్ష్యం అనుకుంది. ఎవరికీ చెప్పనన్నది ఆదివారం దాకా అనుకుంది.

"చెప్పనక్కా. రాసేటప్పుడు కూడా మీ పేరు తీసేస్తాను."

అప్పుడు ఆగాయి ఆమె చేతులు.

"నా పేరు తీసేస్తే ఇంకెవరి మొగుడు చచ్చిపోయినట్టు తల్లీ?"

సాయంత్రం ఆరాధన గారికి ఫోన్ చేశాను, ఊరూ పేరూ చెప్పకుండా. "ఆమె తరఫున చెప్పే హక్కు నీకు లేదు. ఆమె చెప్పుకుంటానంటే ఆపే హక్కూ లేదు" అన్నారు. ఆ మాటే జయకుమారికి చెప్పాను. "అయితే నువ్వు వచ్చి కూర్చో" అంది.

ఆదివారం వెళ్ళి ఆడవాళ్ళ వైపు చాప చివర కూర్చున్నాను. సాయిబుల పిల్లకి ఇక్కడేం పని అని కొన్ని చూపులు. సాక్ష్యాలు మొదలయ్యాయి. బాధ, ప్రార్థన, విడుదల... బాధ, ప్రార్థన, విడుదల...

జయకుమారి లేచింది.

"మా ఆయన మందు తాగి పోయాడు."

అంతే. ప్రార్థన లేదు, విడుదల లేదు.

ఎవరో పాట ఎత్తుకోబోయి మానేశారు. పాస్టరమ్మ ముఖం పాలిపోయింది. ఆవిడ భయం చూస్తే జాలేసింది. కోపమూ వచ్చింది. ఆవిడ నా వైపు తిరిగారు.

"పాపం, బెంగతో ఏదేదో మాట్లాడుతోంది. మెహరమ్మా, నువ్వు మనసు చదువేగా చదివేది. నువ్వు చెప్పు. దీనికి మతి బాగుందా?"

తలలన్నీ తిరిగాయి.

బాగుందంటే — ఆ మాట నిజమని నేనే చెప్పినట్టు. సాల్మన్‌ని ఆ దొడ్డిలో ఉంచుతారో లేదో. తెలియదంటే — ఆమె పిచ్చిది. నోరు మూసుకున్నా పిచ్చిదే.

జయకుమారి నన్ను చూసి తల ఊపింది. అది సమ్మతేనా? అందరి ముందూ, ఇంత భయంలో ఊపిన తల... నమ్మొచ్చా?

నేను లేచి నిలబడ్డాను.

"బాగుందండీ. ఆమె మతి బాగానే ఉంది."

ఎవరూ ఆమెన్ అనలేదు. జయకుమారి కూర్చోలేదు.