టీ ఇచ్చిన బడి

"టీ బాగుంది. మర్యాద తెలిసిన బడి," అన్నారు మా ఆయన స్కూటర్ స్టాండు తీస్తూ. రెండో బడి చూడకుండానే తీర్పు చెప్పేశారు. నేను వెనక ఎక్కి కూర్చున్నాను. నాకైతే ఆ టీ గొంతు దిగలేదు.

మా ఊరి బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదిలో మా అమ్మాయి పండుని ఎక్కడ చేర్చాలన్నది వేసవంతా ఇంట్లో నలిగిన మాట. అందుబాటులో ఉన్న ప్రభుత్వ హైస్కూళ్ళు రెండే. రైలుగేటు పక్కన ఉన్నదానికి నడిచి వెళ్ళొచ్చు. కొండ కింద ఉన్నదానికి రెండు బస్సులు మారాలి. "దగ్గరదాన్లో వేస్తే మధ్యాహ్నం వచ్చి నాకింత అన్నం పెట్టి పోతుంది," అని మా అత్తగారు ఎప్పుడో తేల్చేశారు. పండుకి లెక్కలంటే పిచ్చి. అన్నం తింటూ కూడా కంచంలో వేలితో లెక్కలు చేస్తూ కూర్చుంటుంది. ఆ సంగతి ఇంత చర్చలోనూ ఎవరికీ గుర్తు రాలేదు. రెండు బళ్ళూ చూశాకే చేరుద్దామని నేను మొండికేస్తే, "ఈవిడ తనిఖీ అధికారి మరి," అని నవ్వి స్కూటర్ తీశారు మా ఆయన.

రైలుగేటు బడి హెడ్మాస్టరు గారు మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు, కుర్చీలు వేయించారు, పదో తరగతి ఫలితాలు గడగడా అప్పజెప్పారు. మధ్యలో కిటికీ వైపు తిరిగి ఎవరినో కేకేశారు. కాసేపటికి ఒక అమ్మాయి ట్రే పట్టుకుని వచ్చింది. రెండు జడలు, వేళ్ళకి సిరా మరకలు. కప్పు అందుకుంటూ, "ఇప్పుడు ఏం క్లాసమ్మా మీకు?" అన్నాను, ఏదో ఒకటి పలకరించాలని.

"లెక్కలండీ. ఇవాళ కొత్త పాఠం మొదలుపెట్టారు."

"మరి నువ్వు?"

"నేను టీ బాగా పెడతానండీ. అందుకే ఎవరొచ్చినా నన్నే పిలుస్తారు," అంది ఎంతో గర్వంగా.

హెడ్మాస్టరు గారు మురిసిపోయారు. "మా ఆడపిల్లలు బంగారమమ్మా. చెప్పిన పని కాదనరు."

"మగపిల్లలకి చెప్పరా?"

"వాళ్ళకేం చేతనవునమ్మా, పాలు పొంగించి పెడతారు," అని ఆయన నవ్వారు. మా ఆయనా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల గర్వం ఎలాంటిదో నాకు తెలుసు. నేను సహకార సంఘం ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. మీటింగు ఉన్నప్పుడల్లా మా మేనేజరు, "మేడమ్, మీ చేతి టీ పడితే గానీ మాకు బుర్రలు పనిచెయ్యవు," అంటాడు. మొదట్లో పొంగిపోయేదాన్ని. పోయినసారి నేను అవతల పాల దగ్గర కాపలా కాస్తుంటే, పక్క గదిలో మేనేజరు నేను కళ్ళు పోయేలా కూర్చుని వేసిన లెక్కల్ని తప్పుగా చదివాడు. గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంది. అది తప్పని చెప్పాల్సిన మనిషిని నేనే, నేనేమో టీ వడగడుతున్నాను. ఇంటికొస్తే అత్తగారు, "కోడలి చేతి టీ తాగితేనే నా తలనొప్పి వదుల్తుంది," అంటారు. ఎవరూ ఒక్క మాట తిట్టరు. తిట్టి ఉంటే ఎప్పుడో తిరగబడేదాన్ని. మెచ్చుకుంటూ పొయ్యి దగ్గర నిలబెట్టేస్తే ఎవరి మీద కోప్పడాలో ఇన్నేళ్ళూ నాకు తెలిసి రాలేదు. ఆ అమ్మాయిని చూశాక ఒళ్ళు మండింది.

కొండకింది బడిలో మా కోసం ఎవరూ లేవలేదు. గోడలు పెచ్చులూడి ఉన్నాయి. హెడ్మిస్ట్రెస్ గారు క్లాసులో ఉన్నారని, గంట కొట్టేదాకా వరండాలో కూర్చోమని అటెండరు చెప్పాడు. బెంచీ మీదికి క్లాసు కనిపిస్తోంది. ఆవిడ బోర్డు మీద లెక్క చేస్తుంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, అక్కడ మైనస్ రావాలి," అంది. ఆవిడ బోర్డు వైపు ఓసారి చూసి, "అవునే. రా, నువ్వే దిద్దు," అని చాక్‌పీసు ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"పెద్దంతరం చిన్నంతరం లేదు," అని గొణిగారు మా ఆయన.

గంట కొట్టాక ఆవిడ చేతులు దులుపుకుంటూ వచ్చారు. "ఎండన పడి వచ్చారు. ఆ కూజాలో నీళ్ళున్నాయి, తాగండి. గ్లాసు కడిగి బోర్లించండి." అప్పుడు మా ఆయన మొహం చూడాలి. అయినా కడిగారు, తప్పక. ఫలితాలు అడిగితే రైలుగేటు బడికంటే కొంచెం తక్కువేనని ఆవిడే చెప్పారు.

"ఎవరైనా వస్తే టీ ఎవరు పెడతారండీ?" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూశారు.

"పీరియడ్ నడుస్తుంటే పిల్లల్ని ఎవరి కోసమూ లేపనండీ. పై అధికారి వచ్చినా ఆ కూజానే."

దారి పొడవునా మా ఆయనది ఒకటే పాట. ఇల్లు చేరాక తల్లికి ఫిర్యాదు. "నాచేత గ్లాసు కడిగించిందమ్మా."

"కళ్ళు నెత్తికెక్కాయి దానికి. దగ్గరదాన్లోనే వెయ్యరా. అక్కడ ఆడపిల్లలకి పనీపాటా నేర్పుతున్నారు," అన్నారు అత్తగారు.

పండు కింద కూర్చుని లెక్క చేసుకుంటోంది. పెన్సిలు ఆపి నా వంక చూసింది.

"కొండకింది బడిలో చేరుస్తున్నాను. రేపు పొద్దున్నే నేనే తీసుకెళ్తాను," అన్నాను.

"మరి అమ్మకి అన్నం?" అన్నారాయన.

"వండి బల్ల మీద పెట్టే వెళ్తాగా. వడ్డించుకోడానికి ఆవిడకి చేతులు బాగానే ఉన్నాయి."

"రెండు బస్సులు మారగలదా అది?"

"నాలుగు రోజులు నేనూ ఎక్కుతాను. తర్వాత అదే ఎక్కుతుంది."

"అంతా నీ ఇష్టమేనా?"

"ఇన్నాళ్ళూ ఏదీ నా ఇష్టం కాలేదు. ఇది మాత్రం నా ఇష్టమే."

ఆయన మొహం తుడుచుకున్నారు. మాట తెగనప్పుడల్లా ఆయన చేసేది అదే. "సర్లే, తర్వాత చూద్దాం. తల పగిలిపోతోంది. పండూ, కాస్త టీ పెట్టవే."

పిల్ల పెన్సిలు పక్కన పెట్టి లేవబోయింది. దాని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"దానికిప్పుడు లెక్కల పీరియడ్ నడుస్తోంది," అన్నాను. "కూజాలో నీళ్ళున్నాయి, తాగండి. గ్లాసు కడిగి బోర్లించండి."