తొమ్మిదో గడి

మా వెదర్‌బీ కంపెనీ ఎనభయ్యేళ్ళ చరిత్రను గట్టి అట్ట పుస్తకంగా వేసి, రిటైరైన వాళ్ళకు తలా ఒకటి పంపింది. కూడికల యంత్రాలతో మొదలుపెట్టి కంప్యూటర్ల దాకా ఎలా ఎదిగామో అందులో బొమ్మలతో సహా ఉంది. నూట పన్నెండో పేజీలో ఒక వాక్యం: "1969లో మా డెట్రాయిట్ మెకానిక్కులు ఎలక్ట్రానిక్ యంత్రాలకు అవలీలగా అలవాటుపడ్డారు." అవలీలగానట! రాసినవాడు ఆ ఏడాది ఉగ్గుపాలు తాగుతూ ఉండి ఉంటాడు. నేను అక్కడ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

నేనూ, మేమంతా కాజ్ అని పిలిచే కాజిమిర్ వ్రోనా ఒకే బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశాం. బ్యాంకుల్లో, కొట్లలో మొరాయించిన యంత్రాలను బాగుచేయడం మా పని. పిడి ఒకసారి తిప్పి చెవి ఆనిస్తే చాలు, ఎన్నో చక్రంలో పన్ను అరిగిందో కాజ్ చెప్పేసేవాడు. పనిలో అంతటివాడు. కానీ కాగితం ముందు కూర్చుంటే మాత్రం అతనితో వేగడం ఎవరి తరమూ కాదు.

ప్రతి మరమ్మతు తర్వాతా మేము ఒక కాగితం నింపాలి. అందులో పన్నెండు గడులు. మరలు బిగించాను, దుమ్ము తుడిచాను, ఇలా వరసగా ఉంటాయి. తొమ్మిదోది 'నూనె వేశాను'. అన్నింటికీ టిక్కు పెట్టి కింద సంతకం చేయాలి, పక్క మెకానిక్కు సాక్షి సంతకం చేయాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కాగితం వెనక్కి వస్తుంది. మేమంతా పన్నెండు టిక్కులూ ఒక్క ఊపులో కొట్టేసేవాళ్ళం. కాజ్ అలా కాదు. ఒక జనవరిలో, ఏదో మర బిగించానో లేదో గుర్తు రావడం లేదని, మంచు కురుస్తుంటే పద్నాలుగు మైళ్ళు కారు వెనక్కి తిప్పించాడు. చూస్తే మర బిగించే ఉంది. తిరుగుదారంతా నేను తిడుతూనే ఉన్నాను, అతను హాయిగా ఈల వేసుకుంటూ కూర్చున్నాడు.

1969లో పై నుంచి హుకుం వచ్చింది. మే నెలాఖరులోగా ఎలక్ట్రానిక్ యంత్రాల పరీక్ష పాసవ్వాలి, కానివాడు ఇంటికి. ముప్పై ఏళ్ళ సర్వీసు నిండితేనే పెన్షన్. మే నెలాఖరుకి కాజ్‌కి ఇంకా పద్నాలుగు నెలలు తక్కువ. అప్పుడు వెళ్ళిపోతే ఒక్క సెంటు రాదు. యాభై ఎనిమిదేళ్ళవాడికి బయట ఎవడు పని ఇస్తాడు?

నేను మార్చిలోనే గట్టెక్కాను. ఇక కాజ్‌కి నేర్పే పని నా నెత్తిన పడింది. ఆరు వారాలు వాళ్ళ వంటింట్లో కూర్చున్నాం. అతని భార్య వాండా క్యాబేజీ చుట్టలు వడ్డిస్తూ, మధ్యమధ్య మొగుడి వైపు దిగులుగా చూసేది.

"ఇది చప్పుడే చెయ్యదేంట్రా లియో? దీని రోగం ఏ చెవితో వినాలి?" అనేవాడు కాజ్.

"చెవితో కాదురా మహానుభావా, మీటరుతో! ఇక్కడ పెట్టు, అంకె చూడు. ఇంకోటి, పుణ్యం ఉంటుంది, ఆ నూనె డబ్బా ఇంట్లో వదిలేసి రా. దీనికి నూనె పడదు."

పరీక్ష రోజు పొద్దున్నే అతని జేబులన్నీ వెతికి, డబ్బా నేనే లాక్కున్నాను.

పరీక్ష పెట్టినవాడు హెండర్‌షాట్, ఇరవై ఆరేళ్ళ ఇంజినీరు. యంత్రంలో ఒక లోపం దాచిపెట్టి ఇచ్చాడు. కాజ్ ఇరవై నిమిషాల్లో పట్టేశాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ తర్వాత కాగితం తీశాడు. ఎనిమిదో గడి దాకా వచ్చి ఆగాడు. వంగి, మేజోడులోంచి వేలెడంత సీసా తీసి, మీటల సందులో ఒక్క చుక్క వేశాడు. తొమ్మిదో గడిలో శ్రద్ధగా టిక్కు పెట్టాడు.

సగం మీటలు చచ్చిపోయాయి. హెండర్‌షాట్ జుట్టు పీక్కున్నాడు.

"నూనె ఎందుకు పోశావయ్యా?"

"కాగితంలో ఉంది కదా బాబూ."

"అది పాత యంత్రాల కాగితం! గోదాంలో లక్ష మిగిలాయని దీనికీ అదే ఇస్తున్నారు. అందరూ ఊరికే టిక్కు కొట్టేస్తారు!"

కాజ్ నా వైపు తిరిగాడు. "నువ్వూ కొట్టావా?"

"కొట్టాను."

"నూనె వెయ్యకుండా?"

"అవును, వెయ్యకుండానే! నాతోపాటు పాసైన ఇరవై ముగ్గురూ అంతే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీ మీద, ఆ లక్ష కాగితాల మీద, అన్నింటికంటే ఈ మొండిఘటం మీద. అన్నీ నేర్పి ఈ ఒక్క ముక్క చెప్పని నా మీద కూడా.

హెండర్‌షాట్‌ని బతిమాలాను. కుర్రాడు చెడ్డవాడు కాదు. "కాగితం మార్చడం నా చేతుల్లో లేదండీ. శుక్రవారం ఇంకోసారి రమ్మనండి. ఆ గడిలో టిక్కు పెడితే చాలు, నూనె వేశాడో లేదో నేను చూడను" అన్నాడు.

శుక్రవారం కాజ్ పదకొండు నిమిషాల్లో లోపం పట్టుకున్నాడు. కాగితం నింపి, సంతకం చేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. హెండర్‌షాట్ కాఫీకి వెళ్ళాడు. సాక్షి సంతకం పెట్టబోతూ చూశాను. తొమ్మిదో గడిలో పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో, 'వెయ్యలేదు' అని ఉంది.

వాండా ముఖం గుర్తొచ్చింది. రబ్బరు తీసుకుని ఆ మాట చెరిపేసి టిక్కు పెట్టాను. కాజ్ పాసయ్యాడు.

కింద కార్బను కాగితం ఉంటుందన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు. సోమవారం గులాబీ రంగు నకలు కాజ్ చేతికి వచ్చింది. అందులో అతని మాట అలాగే ఉంది, దాని మీద నా టిక్కు ఉంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు పెట్టిందే కదూ?"

"నేనే. అయితే ఏంటి? పద్నాలుగు నెలలు నోరు మూసుకుని కూచో, పెన్షన్ వస్తుంది."

"కింద సంతకం నాది, లియో."

"ఎవడు చూస్తాడురా?"

కాజ్ ఆ కాగితాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "దీన్ని తీసుకెళ్ళి ఆ కుర్రాడికి చూపిస్తే, నీ ఉద్యోగం ఉంటుందా?"

ఆ ప్రశ్న నాకు అంతవరకూ తోచలేదు. "ఉండదు" అన్నాను.

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మీటరు అందుకుని పనిలో పడ్డాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. ప్రతి కాగితంలోనూ తొమ్మిదో గడికి మాలాగే టిక్కు పెట్టి సంతకం చేసేవాడు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు, భోజనం పంచుకునేవాడు. ఈల మాత్రం మళ్ళీ వినలేదు. అతని పెన్షన్ నేను నిలబెట్టానని నాలుగు రోజులు గర్వపడ్డ మాట నిజం. నా ఉద్యోగం కోసం ఆ అబద్ధాన్ని అతను మోస్తున్నాడని తెలిశాక, ఆ పద్నాలుగు నెలలూ అతని పక్కన కూర్చోవడమే కష్టమైంది.

ఆఖరి రోజు హెండర్‌షాట్ కేకు తెప్పించాడు. పెన్షన్ పత్రం మీద కాజ్ సంతకం చేసి, కలానికి మూతపెట్టి నాకు ఇచ్చాడు.

"హమ్మయ్య. ఇంక నేను దేని మీదా సంతకం పెట్టక్కర్లేదురా లియో" అన్నాడు.