మెత్తని వస్తువు

ఆ హాల్లో ఉన్నవి రెండే కుర్చీలు. రెండోది ఆవిడది. ఆవిడ కోరి తెచ్చుకున్న చోటేమీ కాదది. నాలుగు కాళ్ళ చుట్టూ నేలమీద సుద్దముక్కతో గీతలు గీసి మరీ మొగుడు కేటాయించిన చోటు.

ఆ మొగుడు పగలు కరెంటు మీటర్లు రిపేరు చేస్తాడు, సాయంత్రాలు ఇంట్లో స్పీకరు పెట్టెలు చేస్తాడు. లోపలి గోడలకి మెత్తగా ఏదైనా పరవకపోతే శబ్దం చెక్కల మధ్యే తిరిగి గోల చేస్తుందట. అందుకని ముందు సోఫా దిళ్ళు పోయాయి. ఆ వెనకే కర్టెన్లు, తివాచీ, చివరికి ఆవిడ పుట్టింటి శాలువా. పెట్టెలు కుదుటపడ్డాయి. హాలు మాత్రం ఖాళీ బిందెలా తయారై, ఒకసారి తుమ్మితే మూడుసార్లు వినిపించేది. అప్పుడు కనిపెట్టాడాయన, ఆవిడ రెండో కుర్చీలో కూర్చుంటే గోల తగ్గుతోందని! తగ్గదూ మరి? గదిలో మెత్తని వస్తువంటూ మిగిలింది ఆవిడొక్కతే.

మూడు నెలలుగా ఇదే వరస. సాయంత్రం అయిదయ్యేసరికి వీధి చప్పుడు రాకుండా కిటికీకి అట్టలు బిగించి, తలుపు గొళ్ళెం పెట్టి, ఎనిమిదింటి దాకా కూర్చోబెట్టేవాడు.

"ఏమోయ్, కాలుమీద కాలేశావా? శబ్దం మారింది."

చెమట తుడుచుకోవాలన్నా పాట అయిపోవాల్సిందే.

పెట్టెలకి మాత్రం ఊపిరాడ్డానికి ముందువైపు బెజ్జం, అందులో ఒక గొట్టం. దాని పొడవెంతుండాలో తేలడం లేదు. రోజుకి అర అంగుళం కోసి వినేవాడు. మరీ పొట్టిదైపోతే కొత్తది తెచ్చి మళ్ళీ మొదలు.

"పెట్టెకి బెజ్జం పెట్టారు సరే, మరి నాకేదండీ?"

"నీకెందుకు? నువ్వు మోగవుగా."

సోమవారం పొద్దున పిన్ని ఫోను చేసింది. రెండు వీధుల అవతల పిన్నికి అద్దె పుస్తకాల షాపుంది.

"అమ్మాయ్, ఆఖరుసారి అడుగుతున్నా. అయిదున్నర నుంచి కౌంటర్లో కూర్చుంటావా, లేదా? ఇవాళ రాకపోతే ఇంకొకళ్ళని పెట్టేసుకుంటా. మీ డబ్బాలాయన ఏమంటాడు?"

"ఒక్క వారం ఆగమంటున్నారు."

"అది పోయిన నెల మాటే కదే!"

అయిదింటికి ఆవిడ చెప్పులు వేసుకుని నిలబడింది. "ఇవాళ నేను వెళ్ళాలండీ."

"ఇవాళా? ఇవాళే గొట్టం సంగతి తేలేలా ఉంది. కూర్చో, కూర్చో."

గొట్టం సంగతి రోజూ తేలేలాగే ఉండేది. ఆవిడ కూర్చుంది.

కళ్ళు తెరిచుంటే చెవులు మోసపోతాయని ఆయన సిద్ధాంతం. తువ్వాలు తన కళ్ళకి బిగించుకుని, డప్పుల పాట పెట్టాడు. గోడ గడియారం అయిదూ ఇరవై చూపిస్తోంది. ఆవిడ చూపు మూలనున్న గోనెసంచి మీద పడింది. ఎడమ పెట్టెలో సరుకెక్కువై గొంతు నొక్కినట్టుందని నిన్ననే సగం పీకి అందులో కుక్కాడు. సంచి మూతిలోంచి పుట్టింటి శాలువా అంచు తొంగిచూస్తోంది.

డప్పులు ఊపందుకున్నాయి. ఆవిడ లేచింది. సంచిని కుర్చీలో కూలేసి, శాలువా లాగి దానికి కప్పింది. మునివేళ్ళ మీద తలుపుదాకా వెళ్ళి గొళ్ళెం పట్టుకుంది.

"కదలకు!" అరిచాడాయన.

ఆవిడ కొయ్యబారిపోయింది.

"అలాగే ఉండు... అబ్బ, ఇదీ! రోజూ ఇలా కుదురుగా కూర్చుని చావచ్చుగా!"

ఆ డప్పుల మోతలో గొళ్ళెం చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఎనిమిదిన్నరకి, పుస్తకాల దుమ్ము చేతులతో, మూడు రకాల జవాబులు సిద్ధం చేసుకుని ఆవిడ తిరిగొచ్చింది. తువ్వాలు మెడలో వేసుకుని ఆయన గోనెసంచికి ఎదురుగా కూర్చునున్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"మంచినీళ్ళు అడిగినప్పుడు. రెండుసార్లు అడిగాను."

"కోపమా?"

"కోపమెందుకు? గొట్టం అయిదంగుళాల దగ్గర తేలిపోయింది. నీకంటే ఇదే నయం. ఊపిరి పీల్చదు."

సిద్ధం చేసుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. మూడు నెలల తన పనిని గోనెసంచి ఒక్క పూటలో చేసిపారేసింది! ఆవిడ సంచి మీది శాలువా తీసి, దులిపి, భుజాన వేసుకుంది. కిటికీ దగ్గరికెళ్ళి ఒక అట్ట పీకింది. చల్లగాలితోపాటు ఏదో బండి హారన్ కూడా లోపలికొచ్చింది.

"అయ్యో, అదేంటి! వీధి చప్పుడంతా వస్తుంది!"

"గదికి బెజ్జమండీ. ఎంతుండాలో ఇంకా తేలలేదు. రోజుకో అట్ట తీసి వింటాను." ఆవిడ ఆయన కుర్చీ కాళ్ళవైపు చూసింది. "మీరు మాత్రం కదలకండి. సుద్దముక్క ఎక్కడ పెట్టారు?"